వర్టికల్ మౌస్ కొనేవాళ్లకు జాగ్రత్త: అలవాటవుతుందిలే అనుకునేలోపు రిటర్న్ గడువు దాటిపోతుంది

కరచాలనం చేస్తున్నట్టు చేతిని నిలువుగా ఉంచి పట్టుకునే వర్టికల్ మౌస్‌లు ఇప్పుడు వెయ్యి రూపాయల లోపే దొరుకుతున్నాయి. మణికట్టు నొప్పి అనగానే ఎవరో ఒకరు దాన్నే కొనమంటారు. కొనండి, తప్పు లేదు. కాకపోతే ఒక లెక్క చూసుకోండి. ఈ రకం మౌస్ చేతికి కుదరడానికి మామూలుగా వారం నుంచి రెండు వారాలు పడుతుంది. చాలా లిస్టింగుల్లో ఇచ్చేది 7 రోజుల రీప్లేస్‌మెంట్, అదీ డెలివరీ అయిన రోజు నుంచి లెక్క. మౌస్‌లో లోపం ఉన్నా "కొత్త కదా, ఇంకా చెయ్యి తిరగలేదు" అనుకుంటూ ఉండగానే గడువు ముగుస్తుంది. ఎనిమిదో రోజు నుంచి వారంటీ కార్డు పట్టుకుని సర్వీస్ సెంటర్ చుట్టూ తిరగడమే.

అమ్మేవాళ్లకు కూడా ఈ అలవాటు మాట బాగా కలిసొస్తుంది. ఏం చెప్పినా "కొన్నాళ్లు వాడండి సార్, సెట్ అవుతుంది" అంటారు. కొన్ని ఫిర్యాదులకు అది నిజమైన జవాబే. చిక్కంతా అక్కడే ఉంది, మిగతావాటికీ అదే జవాబని జనం నమ్మేస్తారు. అందుకని డబ్బా విప్పిన మొదటి రెండు రోజులు అలవాటు సంగతి పక్కన పెట్టి, వస్తువు మంచిదో కాదో తేల్చుకోండి.

నిజంగా అలవాటుకు సంబంధించినవి ఏవంటే, మొదటిది క్లిక్ చేసినప్పుడు పాయింటర్ గురి తప్పడం. మామూలు మౌస్‌లో బటన్‌ను బల్ల వైపు నొక్కుతాం కాబట్టి మౌస్ కదలదు. వర్టికల్‌లో బటన్లు పక్కకు ఉంటాయి, నొక్కిన బలం మౌస్‌ను బొటనవేలి వైపు తోస్తుంది. అటునుంచి బొటనవేలు ఆనించి పట్టడం చేతికి రావాలి. ఇది వారంలో సర్దుకుంటుంది. అయితే మౌస్ మరీ తేలికగా ఉండి, బటన్ మరీ గట్టిగా ఉంటే మాత్రం ఎన్నాళ్లు వాడినా జారుతూనే ఉంటుంది. కీబోర్డు మీంచి చెయ్యి తెస్తూ మౌస్‌ను తన్నేయడం, చిన్న ఐకాన్ల మీద గురి కుదరకపోవడం, బొటనవేలు పక్క బటన్‌కు తగిలి బ్రౌజర్ వెనక పేజీకి పోవడం కూడా అలవాటు లోపాలే. మణికట్టుతో కాక మోచేతి నుంచి కదపడం నేర్చుకుంటే ఇవి తగ్గుతాయి. డీటీపీ, ఫోటో ఎడిటింగ్ లాంటి సన్నపని చేసేవాళ్లు పాత మౌస్‌ను కూడా పక్కన ఉంచుకుని, మొదట్లో రోజుకు గంట, రెండు గంటలు మాత్రమే కొత్తది వాడితే పని ఆగదు.

ఎన్ని రోజులు వాడినా అలవాటుతో పోనివి వేరే ఉన్నాయి. వాటిలో ఎక్కువగా ఏడిపించేది ఒక నొక్కుకు రెండు క్లిక్కులు పడటం. బటన్ కింద ఉండే మైక్రోస్విచ్‌లో పల్చని లోహపు రేకు ఉంటుంది. నొక్కినప్పుడు అది తగిలి, సన్నగా గెంతి, నిలబడుతుంది. ఆ గెంతులను కొన్ని మిల్లీసెకన్ల పాటు లెక్కచేయకుండా వదిలేసేలా మౌస్‌లోని ప్రోగ్రామ్ రాసి ఉంటుంది. స్విచ్ నాసిరకమైనా, తగిలే చోట తుప్పు పట్టినా గెంతు అంతకంటే ఎక్కువసేపు సాగి రెండో క్లిక్‌గా నమోదవుతుంది. కస్టమర్ కేర్ వాళ్లు డబుల్ క్లిక్ స్పీడ్ స్లైడర్ మార్చమంటారు. దానితో పోదు. విండోస్‌లో ఆ స్లైడర్ 200 నుంచి 900 మిల్లీసెకన్ల మధ్య తిరుగుతుంది, స్విచ్ గెంతు అంతకంటే చాలా తొందరగా జరిగిపోతుంది.

దీన్ని పట్టుకోవడానికి ఏ సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. డెస్క్‌టాప్ మీద ఒక ఫోల్డర్‌పై తీరిగ్గా, ఒక్కొక్క సెకను ఆగుతూ 50 సార్లు ఒంటి క్లిక్ కొట్టండి. ఒక్కసారి తెరుచుకున్నా స్విచ్ పాడే. తర్వాత పెయింట్ తెరిచి ఎడమ బటన్ నొక్కిపట్టి, స్క్రీన్ ఈ చివర నుంచి ఆ చివరకు నెమ్మదిగా గీత లాగండి. బటన్ వదలకుండానే గీత మధ్యలో తెగితే అది కూడా అదే జబ్బు. ఫైల్ డ్రాగ్ చేస్తుంటే మధ్యలో వేరే ఫోల్డర్‌లో పడిపోయేది దీనివల్లే. స్క్రోల్ చక్రాన్ని ఒక పొడవాటి పీడీఎఫ్‌లో ఒక్కో మెట్టు చొప్పున కిందికి తిప్పండి. నడుమ ఒక్క మెట్టు పైకి ఎగిరితే చక్రం తిరుగుడును లెక్కపెట్టే ఎన్‌కోడర్ అనే భాగం బాగోలేదని అర్థం.

పాయింటర్ వణుకు గురించి మాత్రం తొందరపడి మౌస్‌ను తప్పు పట్టకండి. గాజు బల్ల, మెరిసే గ్రానైట్, నిగనిగలాడే లామినేట్ మీద మామూలు ఆప్టికల్ సెన్సర్‌కు పట్టు దొరకదు. కింద ఒక తెల్ల ఏ4 కాగితం పెట్టి చూడండి. కాగితం మీద బాగా నడిచి బల్ల మీద వణికితే కావలసింది ప్యాడ్, కొత్త మౌస్ కాదు.

ఆగి ఆగి కదలడం ఇంకో రకం. వైరులేని మౌస్‌తో వచ్చే చిన్న 2.4 గిగాహెర్ట్జ్ రిసీవర్‌ను లాప్‌టాప్ యూఎస్‌బీ 3.0 పోర్టులో పెట్టి, దాని పక్క పోర్టులో ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్కో పెన్‌డ్రైవో తగిలిస్తే వాటి నుంచి వచ్చే రేడియో రొద సరిగ్గా ఆ ఫ్రీక్వెన్సీ మీదే పడుతుంది. 2012లో ఇంటెల్ సంస్థే దీని మీద ఒక పత్రం విడుదల చేసింది. రిసీవర్‌ను యూఎస్‌బీ 2.0 పోర్టుకు మార్చండి, లేదా చిన్న ఎక్స్‌టెన్షన్ కేబుల్‌తో లాప్‌టాప్‌కు కాస్త ఎడంగా, మౌస్‌కు దగ్గరగా పెట్టండి. అప్పటికీ ఆగుతుంటే వెనక్కి పంపేయొచ్చు.

ఇక డీపీఐ అంకెలు, అంటే మౌస్‌ను ఒక అంగుళం జరిపితే పాయింటర్ ఎన్ని పిక్సెళ్లు కదలాలో చెప్పేవి. కొత్త మౌస్ "మరీ పరిగెడుతోంది" లేదా "మొద్దుగా ఉంది" అనిపించడానికి ఎక్కువగా ఇదే కారణం. 1920 పిక్సెళ్ల వెడల్పు స్క్రీన్‌ను దాటడానికి 800 డీపీఐ దగ్గర మౌస్‌ను 2.4 అంగుళాలు జరపాలి, 1600 దగ్గర 1.2 అంగుళాలు చాలు. పాత మౌస్ 1000 డీపీఐది అయి, కొత్తదానికి 800, 1200, 1600 మెట్లు మాత్రమే ఉంటే ఏదీ సరిగ్గా పాతదానిలా ఉండదు. ముందు విండోస్ సెట్టింగ్స్‌లో ఎన్‌హాన్స్ పాయింటర్ ప్రెసిషన్ అన్న టిక్ తీసేయండి. అది ఉన్నంతసేపు మౌస్‌ను ఎంత వేగంగా కదిపితే పాయింటర్ అంత ఎక్కువ దూరం పోతుంది కాబట్టి చేతికి ఒక కొలత పడదు. మ్యాక్‌లో వెంచురా వెర్షన్ నుంచి మౌస్ సెట్టింగ్స్ అడ్వాన్స్‌డ్‌లో పాయింటర్ యాక్సిలరేషన్ ఆపుకునే వీలుంది.

పెట్టె మీది అంకె నిజమో కాదో కూడా తేల్చుకోవచ్చు. ఆ టిక్ తీసేశాక, కంట్రోల్ ప్యానెల్ పాయింటర్ స్పీడ్‌లోని 11 గీతల్లో ఆరోదాని మీద స్లైడర్ ఉంచండి. డిస్‌ప్లే స్కేల్ 100 శాతం, పెయింట్ జూమ్ 100 శాతం. మౌస్ పక్కన కొలబద్ద పెట్టుకుని దాన్ని సరిగ్గా ఒక అంగుళం అడ్డంగా జరిపి, పెయింట్ కింద కనపడే పిక్సెల్ అంకెల తేడా చూడండి. 800 డీపీఐ అన్నచోట తేడా దాదాపు 800 రావాలి. 1200 వచ్చిందంటే అంకె అబద్ధం, దాని కింద చెప్పుకున్న గొప్పలు కూడా అదే బాపతు అనుకోండి. కొన్ని చవక మౌస్‌లు ఆపి ఆన్ చేసినప్పుడల్లా డీపీఐని మొదటి మెట్టుకు తెచ్చేస్తాయి, అది కూడా మొదటిరోజే చూసుకోండి.

కొనక ముందు చూడాల్సినవి తక్కువే కానీ ముఖ్యం. మణికట్టు మడత నుంచి నడిమి వేలి కొస వరకు సెంటీమీటర్లలో కొలిచి, మౌస్ కొలతలతో పోల్చండి. పెద్ద మౌస్ చిన్న చేతికి వస్తే చిటికెన వేలు బల్ల మీద రాసుకుంటూ పోతుంది, ఉన్న నొప్పికి ఇంకో నొప్పి తోడవుతుంది. వీలైతే సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీ (చెనాయ్ ట్రేడ్ సెంటర్) లాంటి చోటికి వెళ్లి చేత్తో పట్టుకుని చూడటం మేలు. ఎడమచేతి వాటం వాళ్లు మరీ జాగ్రత్త. విండోస్‌లో బటన్లు తారుమారు చేసినా ఆకారం మారదు. లాజిటెక్ లిఫ్ట్ లాంటి కొన్నింటికే ఎడమచేతి మోడల్ వేరుగా ఉంది. రిసీవర్ పోతే విడిగా దొరుకుతుందా అన్నది అడగండి. లాజిటెక్‌లోనే యూనిఫైయింగ్ రిసీవర్, 2021లో వచ్చిన బోల్ట్ రిసీవర్ ఒకదాని బదులు ఇంకోటి పనిచేయవు. పేరులేని చవకరకాల్లో చాలావాటికి రిసీవర్ పోతే, బ్లూటూత్ కూడా లేకపోతే, మౌస్ చెత్తబుట్టకే. టైప్ సీ పోర్టు ఉందని మురిసిపోకండి, అది చార్జింగ్‌కే పనికొచ్చి వైరు మౌస్‌లా నడవకపోవచ్చు. కొన్నింటిలో ఉండాల్సిన రెసిస్టర్లు వేయకపోవడం వల్ల రెండు చివరలా టైప్ సీ ఉన్న ఫోను కేబుల్‌తో చార్జ్ కూడా ఎక్కదు, ఒక చివర పాత వెడల్పాటి యూఎస్‌బీ పిన్ను ఉన్న కేబుల్ కావాలి.

కొత్త లాప్‌టాప్ టచ్‌ప్యాడ్ విషయంలోనూ ఇదే "అలవాటవుతుంది" వినిపిస్తుంది. చార్జింగ్‌లో ఉన్నప్పుడు మాత్రమే పాయింటర్ గెంతుతుంటే, లోహపు బాడీ మీద వేలు రాస్తే జుమ్ముమంటుంటే, చార్జర్ తీసి చూడండి. తీయగానే బాగైతే తప్పు టచ్‌ప్యాడ్‌ది కాదు. చాలాసార్లు ఎర్తింగ్ లేని సాకెట్టో, డూప్లికేట్ చార్జరో కారణం. మూడు పిన్నుల సాకెట్ ఉన్నంత మాత్రాన వెనక ఎర్త్ వైరు ఉన్నట్టు కాదు, ఎలక్ట్రీషియన్ చేత చూపించండి. సెకండ్ హ్యాండ్ లాప్‌టాప్ కొనేటప్పుడు టచ్‌ప్యాడ్ ఒకవైపు ఉబ్బి కనిపించినా, క్లిక్ బిగిసిపోయినా కింద బ్యాటరీ ఉబ్బి ఉండొచ్చు. అలాంటిది ఎంత తగ్గించి ఇస్తామన్నా కొనకండి, చార్జింగ్ పెట్టకండి.

లోపం తేలాక ఫిర్యాదు రాసే తీరులోనే సగం పని ఉంది. "చేతికి కుదరడం లేదు", "అలవాటు కావడం లేదు" అన్న మాటలు రాయొద్దు. నచ్చలేదన్న కారణం కింద వేసి తోసిపుచ్చుతారు. "ఒంటి క్లిక్ రెండు క్లిక్కులుగా పడుతోంది, 50లో 4 సార్లు, వీడియో జతచేశాను" అన్నట్టు, మీకు వచ్చిన అంకెలు రాయండి. వేలు, మౌస్, స్క్రీన్ మూడూ ఒకే ఫ్రేమ్‌లో కనపడేలా ఆ వీడియో తీయండి. లోపమున్న వస్తువును గానీ, ప్రకటనలో చెప్పిన గుణాలు లేని వస్తువును గానీ వెనక్కి తీసుకోనని అనే వీలు అమ్మకందారుకు లేదని 2020 వినియోగదారుల రక్షణ ఈ-కామర్స్ నిబంధనలు చెబుతున్నాయి. పెట్టె మీది డీపీఐ కూడా ఆ గుణాల్లోకే వస్తుంది. అయినా వినకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఆర్డర్ నంబర్, చాట్ స్క్రీన్‌షాట్లతో ఫిర్యాదు నమోదు చేయండి.

వెనక్కి ఇచ్చేటప్పుడు రిసీవర్‌ను లాప్‌టాప్‌కే వదిలేయకండి, భాగం తక్కువైందని తిప్పి పంపుతారు. మౌస్ అడుగునో, సెల్ అరలోనో దాని చోట దాన్ని పెట్టి, ఫోటో తీసి, అప్పుడు ప్యాక్ చేయండి. మీరు కొని వేసిన ఏఏ సెల్ అయితే అది తీసి దాచుకోండి.