ఇంట్లో చిన్న సర్వర్: రాస్‌బెరీ పై కొనాలా, పాత ల్యాప్‌టాప్ సరిపోతుందా?

"సొంత వెబ్‌సైటు ఇంట్లోనే నడుపుకోవాలి, తక్కువలో ఏం కొనమంటారు?" ఈ మధ్య నన్ను చాలామంది అడుగుతున్నారు. అడిగేవాళ్లలో ఎక్కువమంది అప్పటికే రాస్‌బెరీ పై 5 (అరచేతిలో ఇమిడే, ఒకే బోర్డు మీద ఉండే చిన్న కంప్యూటర్) మీద మనసు పెట్టుకుని ఉంటారు. నేనూ రాస్‌బెరీ పైతోనే మొదలుపెట్టాను. ఇప్పుడు పాత ల్యాప్‌టాప్‌కి మారాను.

చిన్న సైటుకి 4 జీబీ ర్యామ్ ఉంటే ఏదైనా సరిపోతుంది. నా దృష్టిలో తేల్చాల్సింది ఒక్కటే: కరెంటు పోయిన క్షణంలో ఏమవుతుంది?

మా ఇంట్లో ఇన్వర్టర్ ఉంది. కరెంటు పోయి అది అందుకునేలోపు లైటు ఒక్కసారి మిణుకుమంటుంది, ఫ్యాను తిరుగుతూనే ఉంటుంది. కానీ ఆ రెప్పపాటుకే బోర్డు రీస్టార్ట్ అయ్యేది. ఎండాకాలంలో రోజుకి నాలుగైదుసార్లు. ఒకరోజు ఇక లేవలేదు. టీవీకి తగిలించి చూస్తే తెర నిండా ఫైల్‌సిస్టమ్ ఎర్రర్లు. డేటాబేస్ రాస్తుండగా కరెంటు పోయి మైక్రో ఎస్‌డీ కార్డు పాడైంది. నా దగ్గరున్న బ్యాకప్ 11 రోజుల కిందటిది. అందులో బోర్డు తప్పేమీ లేదు. రాస్‌బెరీ పై 5కి కార్డు బదులు ఎస్ఎస్‌డీ (కార్డు కంటే గట్టి స్టోరేజ్) కూడా పెట్టుకోవచ్చు. అయితే దానికి హ్యాట్ (బోర్డు మీద బిగించే అదనపు చిన్న బోర్డు), 5 ఆంపియర్ల అడాప్టర్, కూలర్, పైగా యూపీఎస్ అన్నీ కలిపితే సెకండ్‌హ్యాండ్ ల్యాప్‌టాప్ ధర దగ్గరికి వచ్చేస్తుంది.

ల్యాప్‌టాప్‌లో బ్యాటరీయే యూపీఎస్. 20 నిమిషాలే నిలిచే ముసలి బ్యాటరీ అయినా చాలు. నెట్‌వర్క్ చెడితే ఎదురుగా కూర్చుని సరిచేసుకోవడానికి స్క్రీన్, కీబోర్డు కూడా ఉన్నాయి. మూత వేస్తే నిద్రపోకుండా సెట్టింగ్ మార్చాలి. రోజంతా ప్లగ్‌లోనే ఉంటే బ్యాటరీ ఉబ్బే ప్రమాదం ఉంది. థింక్‌ప్యాడ్ లాంటి వాటిలో చార్జింగ్ 80 శాతం దగ్గర ఆపేయొచ్చు, నేను అలాగే పెట్టాను. టచ్‌ప్యాడ్ కొంచెం పైకి లేచినట్టు కనిపించినా ఆలస్యం చేయకుండా బ్యాటరీ తీయించేయండి.

కరెంటు ఖర్చులో రాస్‌బెరీ పైదే గెలుపు. 10 వాట్లు నెలంతా నడిస్తే 7 యూనిట్ల పైచిలుకు. స్క్రీన్ ఆపిన ల్యాప్‌టాప్ దాదాపు అంతే లాగుతుంది, రాస్‌బెరీ పై ఇంకా తక్కువ. 60 వాట్లు లాగే పాత డెస్క్‌టాప్ అయితే 43 యూనిట్లు, అది వద్దు. రీఫర్బిష్డ్ మినీ పీసీ మంచిదే, బ్యాటరీ ఉండదంతే. నెలనెలా అద్దె కట్టగలిగితే వీపీఎస్‌తో (డేటా సెంటర్‌లో అద్దెకి దొరికే వర్చువల్ సర్వర్) ఈ టెన్షనే ఉండదు.

కొనేముందు రౌటర్ సెట్టింగుల పేజీలో వాన్ ఐపీ (ఇంటర్నెట్ కంపెనీ మీ రౌటర్‌కి ఇచ్చిన చిరునామా) చూడండి. 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే మీరు సీజీనాట్ (ఒకే పబ్లిక్ ఐపీని చాలా ఇళ్లకి పంచే పద్ధతి) వెనక ఉన్నట్టే, బయటివాళ్లు నేరుగా రాలేరు. అప్పుడు, మీ ఇంటి సర్వరే బయటికి కనెక్ట్ అయి ఆ దారిలో సందర్శకుల్ని రప్పించే క్లౌడ్‌ఫ్లేర్ టనెల్ అనే సేవ వాడుకోవచ్చు.

సాఫ్ట్‌వేర్‌కి నా ఓటు డెబియన్ అనే లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కే. డెబియన్ 13కి 32-బిట్ పీసీల ఇన్‌స్టాలర్ లేదు, కాబట్టి ల్యాప్‌టాప్ 64-బిట్‌దేనా అని ముందే చూసుకోవాలి. సైటు పేజీలు అందించే వెబ్ సర్వర్ సాఫ్ట్‌వేర్లలో ఎన్‌జిన్‌ఎక్స్ కంటే క్యాడీ తేలిక, హెచ్‌టీటీపీఎస్ సర్టిఫికెట్లు తనే తెచ్చుకుని తనే రెన్యూ చేసుకుంటుంది. డేటాబేస్‌కి, అంతా ఒకే ఫైలులో దాచే ఎస్‌క్యూలైట్ చాలు.

రౌటర్‌కీ ఫైబర్ బాక్సుకీ ఒక 12 వోల్టుల మినీ యూపీఎస్ తగిలించాను. అవి ఆరిపోతే ల్యాప్‌టాప్ మెలకువగా ఉన్నా సైటు అందదు.