సూంటో ఏ-10 కంపాస్: కళింగపట్నం సరుగుడు తోటలో నాలుగు మజిలీలు

ఈ కంపాస్ నా చేతికొచ్చి ఏడాదిన్నర దాటింది. విజయనగరంలో మా ఇంటి నుంచి కళింగపట్నం దాకా దీన్ని పట్టుకుని ఎన్నిసార్లు తిరిగానో లెక్కలేదు. కొండలెక్కడానికి కొనలేదు. ఒక జియోక్యాష్ కట్టడానికి కొన్నాను. ఆ పనికి ఇది ఎంతవరకు అక్కరకొచ్చిందో, ఎక్కడ ఇక నావల్ల కాదందో వివరంగా రాస్తాను. కొనేముందు ఇలాంటిది నాకొకటి దొరికుంటే బాగుండేదనిపించింది.

ఆట తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. ఎవరో ఒక డబ్బాలో చిన్న పుస్తకం పెట్టి ఎక్కడో దాచి, ఆ చోటి అక్షాంశ రేఖాంశాలు ఇస్తారు. మనం జీపీఎస్ పట్టుకుని వెతికి, పుస్తకంలో పేరు రాసి, డబ్బాను ఉన్నచోటే పెట్టి రావాలి. జీపీఎస్ సిగ్నల్‌లో కావాలని కలిపే తప్పును అమెరికా ప్రభుత్వం 2000 మే 2న తీసేసింది. ఆ మర్నాడే ఆరెగాన్ రాష్ట్రంలో మొదటి డబ్బా దాచారు. మల్టీ అనే రకంలో ఒకచోటుతో అయిపోదు. మొదటి మజిలీలో దొరికినదాన్ని బట్టి రెండోదానికి, అక్కణ్ణుంచి మూడోదానికి వెళ్లాలి. బెంగళూరు నుంచి సంక్రాంతికొచ్చిన మా మేనల్లుడు ఇదంతా చెబుతుంటే, ‘ఇక్కణ్ణుంచి 140 డిగ్రీల్లో 60 మీటర్లు నడువు’ అని కూడా మజిలీ కట్టొచ్చన్న మాట దగ్గర నా మనసు ఆగిపోయింది. మా నాన్న సర్వేయరుగా చేసి రిటైరయ్యారు. గొలుసులు, లింకులు, బేరింగులు (ఉత్తరం నుంచి డిగ్రీల్లో కొలిచే దిక్కులు) అన్న మాటలు వింటూ పెరిగినదాన్ని. అది మా ఇంటి ఆటే అనిపించింది.

మొదట విజయనగరంలోనే, గంటస్తంభం దగ్గర మొదలుపెడదామనుకున్నాను. ఊళ్లో ఎవరినడిగినా దారి చెప్పే చోటు కదా అని. అప్పుడు నా దగ్గరున్నది వేరే కంపాస్, చవకది. ఎవరు చేశారన్నది ఇక్కడ అనవసరం. వారం తిరక్కుండా దాని ముల్లుండే ద్రవపు డిబ్బీలో పెసరగింజంత బుడగ పుట్టింది. వేసంగి వచ్చేసరికి బఠాణీ గింజంత అయింది. ముల్లు తిరుగుతూ తిరుగుతూ వచ్చి ఆ బుడగకు తగిలి ఆగిపోయేది. చోటు కూడా మంచిది కాదు. రోడ్డుకి అటు షాపుల ఇనప షట్టర్లు, ఇటు వరసగా బళ్లు. ఒకే గురికి రోడ్డు ఈ పక్కన ఒక అంకె, నాలుగడుగులు జరిగితే ఇంకో అంకె. మేడల మధ్య జీపీఎస్ చుక్క కూడా గంతులేసేది. రెండు ఆదివారాలు పోగొట్టుకుని ఊరొదిలేశాను.

కళింగపట్నం ఎంచుకోవడానికి కారణం సరుగుడు తోట. తీరం దగ్గర ఆకాశం బారుగా తెరుచుకుని ఉంటుంది, అక్కడ జీపీఎస్ చక్కగా కుదురుతుంది. తోటలోకి అడుగుపెట్టగానే అది తడబడుతుంది. బయట బాగా కుదిరిన ఒక చోటు నుంచి చెట్ల కిందికి కంపాస్‌తో, అడుగులతో తీసుకెళ్లడమే ఇలాంటి చోట సరైన పద్ధతి. బేరింగ్ మజిలీ అంటే కేవలం తమాషా కోసం అనుకునేవాళ్లుంటారు. జీపీఎస్ తేలిపోయే చోట అది నిజంగా అవసరం. తోట వాళ్లని అడిగి, ఒప్పుకున్నాకే మొదలుపెట్టాం. శాలిహుండం కొండ మీద పెడదామని మా మేనల్లుడు ముచ్చటపడ్డాడు. అక్కడివి బౌద్ధ స్తూపాలు, రక్షిత కట్టడాలు. అలాంటి చోట రాయి కూడా కదపకూడదు, డబ్బా సంగతి చెప్పనక్కర్లేదు.

ఇక ఏ-10. అరచేతిలో ఇమిడే పారదర్శకమైన పలక, అంచున సెంటీమీటర్ల గీతలు, మధ్యలో ద్రవం నిండిన గుండ్రటి డిబ్బీ. డయల్ మీద రెండు డిగ్రీలకొక గీత. బరువు 30 గ్రాముల దరిదాపు. కావలసిన డిగ్రీని గీతకు తిప్పి, పలకను గుండెకు ఆనించి, ముల్లు ఎర్రకొన డిబ్బీలోని బాణంలో కూర్చునేదాకా మనం మొత్తంగా తిరగాలి. చెయ్యొక్కటే తిప్పితే గురి తప్పుతుంది, కాళ్లతో సహా తిరగాలి. ముల్లు తొందరగా కుదురుకుంటుంది. పాతదానితో పడ్డ పాట్లు తెలుసు కాబట్టి ఇది నాకెంత హాయో చెప్పలేను. మెడతాడు పలక నుంచి ఊడొస్తుంది. మ్యాప్ మీద పెట్టి కొలిచేటప్పుడు తాడు అడ్డం రాదు.

‘ఫోన్లో కంపాస్ ఉంది కదత్తా, మళ్లీ ఇదెందుకు?’ అన్నాడు మావాడు. వాడి ఫోనుకున్న మూత కవర్లో అయస్కాంతం ఉంది. మూత తెరిచినప్పుడొకటి, వెనక్కి మడిచినప్పుడొకటి చూపించింది. అంతకంటే పెద్ద పాఠం నేను నేర్చుకున్నాను. రెండో మజిలీ బేరింగ్ ఎంత జాగ్రత్తగా తీసినా, నాన్న తీసినదానికీ నాదానికీ తొమ్మిది డిగ్రీల తేడా వస్తోంది. మూడుసార్లు తీశాను, మూడుసార్లూ అదే తేడా. నాన్న నన్ను కాసేపు కిందికీ పైకీ చూశారు.

‘ఆ బేగు బుజానేసుకునే కొల్తన్నావేటమ్మా? ముందది కిందెట్టు.’

హ్యాండ్‌బ్యాగు మూతకి రూపాయి బిళ్లంత అయస్కాంతపు బొత్తం. భుజాన వేలాడే బ్యాగు సరిగ్గా మోచేతి దగ్గర, కంపాస్‌కి జానెడు దూరంలో ఉంది. బ్యాగు ఇసకలో పెట్టి పదడుగులు ఇవతలికొచ్చి తీస్తే నాన్న అంకె, నా అంకె ఒకటే. మంచి కంపాస్ కొన్నాక కూడా ఇది జరిగింది. బంగారు గాజులతో పేచీ లేదు. బ్యాగు బొత్తం, ఫోను, స్కూటీ, ఇనప బోరింగు, వీటికి మాత్రం దూరం జరగాలి. అందుకే నా మజిలీల్లో ఏదీ బోరింగు దగ్గరా, కరెంటు తీగల కిందా పెట్టలేదు. వెతికేవాళ్ల కోసం ఇచ్చే వివరంలో ‘బ్యాగు, ఫోను పక్కన పెట్టి చూడండి’ అని మొదటి వాక్యమే రాశాను.

దూరాల సంగతి దగ్గర నేను ఎక్కువసేపు ఆగాలి, ఎందుకంటే మల్టీ కట్టేవాళ్లు తప్పు చేసేది ఇక్కడే. 57 మీటర్ల దూరంలో ఒక డిగ్రీ తేడా అంటే పక్కకి ఒక మీటరు. ఇదొక్కటి గుర్తుంటే చాలు. డయల్ మీద రెండు డిగ్రీలకొక గీత ఉన్న కంపాస్‌తో మామూలు మనిషి రెండు డిగ్రీలు తప్పుతాడనుకుందాం. 60 మీటర్ల దగ్గర రెండు మీటర్లు, చెట్టుచుట్టూ వెతికితే దొరుకుతుంది. అదే 300 మీటర్లు పెడితే తేడా పది మీటర్లు దాటుతుంది, సరుగుడు తోటలో పది మీటర్లంటే డజన్ల కొద్దీ చెట్లు. మావాడు మొదట గీసిన పథకంలో ఒక మజిలీకి 400 మీటర్లుంది. కాగితం మీద గంభీరంగా ఉందిగానీ నేలమీద అన్యాయం. దాన్ని ఆరుగా కోశాం, రెండు తీసేశాం, నాలుగు మిగిలాయి. ఒకే మల్టీలోని మజిలీల మధ్య కనీస దూరమంటూ లేదు. ఈ ఆటలో ఉన్న 161 మీటర్ల నిబంధన వేరే జియోక్యాష్‌ల డబ్బాలతో ఉండాల్సిన దూరానికి. అందుకని చిన్న దూరాలు పెట్టడానికి జంకక్కర్లేదు.

అడుగుల లెక్క ఇంకో కథ. కుడికాలు పడ్డప్పుడల్లా ఒకటి లెక్కపెడితే, తారురోడ్డు మీద 30 మీటర్ల టేపు పక్కన నాకు 22 వచ్చింది. అంటే 60 మీటర్లకి 44. ఇసకలో అదే దూరానికి 49 అయింది, కాలు దిగబడుతుంది కదా. కాబట్టి ‘60 మీటర్లు’ అని మాత్రమే ఇస్తే కొత్తవాళ్లు ఆరు మీటర్ల ముందే ఆగి వెతుకుతారు. అందుకని ప్రతి మజిలీ చివర కళ్లకి కనిపించే గుర్తొకటి ఉండేలా చూశాం. ఒకచోట వంగిన తాటిచెట్టు, ఇంకోచోట విరిగిన సిమెంటు దిమ్మ. గుర్తు లేకుండా కొలతనొక్కదాన్నే నమ్ముకుని డబ్బా దాచడం నాకు సబబుగా తోచదు.

దాచిన చోటు సరిగ్గా పడిందో లేదో చేతి లెక్కతో చూసుకునే పద్ధతి నాన్న చూపించారు. (అంకెలు మార్చాను, నా డబ్బా గుట్టు ఇక్కడ విప్పను.) 140 డిగ్రీల్లో 60 మీటర్లంటే దక్షిణానికి 46 మీటర్లు, తూర్పుకి 38.6. అక్షాంశంలో నిమిషంలో (ఇక్కడ నిమిషమంటే డిగ్రీలో అరవయ్యో వంతు) వెయ్యో వంతు 1.85 మీటర్లు. మన శ్రీకాకుళం, విజయనగరం అక్షాంశం దగ్గర రేఖాంశంలో వెయ్యో వంతు సుమారు 1.76. కాబట్టి అక్షాంశంలోంచి అలాంటి వెయ్యో వంతులు 25 తీసెయ్యాలి, రేఖాంశానికి 22 కలపాలి. పెన్సిలుతో రెండు నిమిషాల పని. ఆప్ చెప్పినదీ ఇదీ ఒకటే వస్తే ఆ రాత్రి నిద్ర పడుతుంది.

ఆఖరి మజిలీకి దూరమే ఇవ్వలేదు, రెండు బేరింగులిచ్చాను. ఒక దిమ్మ నుంచి ఒక గీత, తాటిచెట్టు నుంచి ఇంకో గీత, రెండూ కత్తిరించుకున్నచోట డబ్బా. మొదటిసారి ఆ రెండు గీతల మధ్య కోణం పాతిక డిగ్రీలే వచ్చింది. అలా పలచగా కలిసే గీతల్లో డిగ్రీ తప్పితే కలిసే చోటు గీత పొడుగునా జారిపోతుంది. దిమ్మని వదిలేసి వేరే చోటు పట్టుకుని, కోణం తొంభైకి దగ్గరగా తెచ్చాక ముగ్గురం మూడుసార్లు తీస్తే మూడూ ఒక్క చాప పరిచినంత మేరలో పడ్డాయి.

ఏ ఉత్తరమో రాయడం మరవొద్దు. కంపాస్ చూపేది అయస్కాంత ఉత్తరం, ఆప్‌లు సాధారణంగా లెక్కవేసేది అసలు ఉత్తరం. మన దగ్గర రెంటికీ తేడా పడమటికి ఒక డిగ్రీ దగ్గరలోనే ఉంది కాబట్టి ఎవరూ పట్టించుకోరు. అమెరికాలో సియాటిల్ లాంటి చోట అది 15 డిగ్రీల దాకా ఉంటుంది. ఏ-10 డిబ్బీలో ఆ తేడాకోసం గీతలు వేసే ఉన్నాయి, మనకి వాటితో పనిపడదు. నేను ఒకసారి మార్చి 21 పొద్దున్నే కళింగపట్నం ఒడ్డున నిలబడి, నీళ్లలోంచి పైకొస్తున్న సూర్యుడికి గురిపెట్టాను. 90కీ 92కీ మధ్య చూపించింది. అరసవల్లిలో స్వామి పాదాల మీద కిరణాలు పడే మార్చి రెండో వారంలో సూర్యుడు తూర్పుకి నాలుగైదు డిగ్రీలు దక్షిణంగా పొడుస్తాడు. అందుకని నిక్కమైన తూర్పు కావాలంటే ఇంకో పది రోజులు ఆగాలి.

ఈ కంపాస్ చాలదనిపించే చోట్లున్నాయి. అద్దం లేదు, కాబట్టి దూరంగా ఉన్న లైట్‌హౌస్ లాంటిదాన్నీ ముల్లునీ ఒకేసారి చూడలేం. చూపు పైకీ కిందికీ ఆడుతుంటే గురి కాస్త కదిలిపోతుంది. వంద మీటర్లు దాటిన గురులు పెట్టాలనుకునేవాళ్లు అద్దమున్న రకం తీసుకోవడం మేలు. వంద, రెండు వందలకి దొరికే ఆటబొమ్మ కంపాస్‌తో పోలిస్తే ధర చాలా ఎక్కువే. కొనేటప్పుడు ఉత్తరార్ధగోళానికి చేసినదేనా అని చూసుకోండి, దక్షిణానికి చేసినవి వేరే ఉంటాయి. కొన్నాక ఫోను పక్కనా, స్పీకరు పక్కనా దాచకండి. నాది పాత స్టీలు డబ్బాలో కాకుండా చెక్క పెట్టెలో ఉంటుంది, నాన్న తన సర్వే సామాన్లు పెట్టుకున్న పెట్టె అది.

అరవై, డెబ్భై మీటర్ల మజిలీలు కట్టడానికి ఇంతకంటే పెద్దది అక్కర్లేదని నా గట్టి నమ్మకం. కిందటి నెల డబ్బా చూసి రావడానికి వెళ్లినప్పుడు పుస్తకంలో పిల్లల చేతిరాతతో ఒక వరస కనిపించింది: ‘తాటిచెట్టు దగ్గరికి 51 అడుగులు. మా చెల్లికి 70.’ దాని పక్కన ఆ పొట్టిపిల్ల గీసిన బాణం, కొనకి ఎర్ర స్కెచ్చుపెన్నుతో రంగేసింది.