నికాన్ జెడ్ డీఎక్స్: కెమెరాకు తగ్గ లెన్సులు ఏవి?

డీఎక్స్, అంటే ఫుల్‌ఫ్రేమ్ కన్నా చిన్న సెన్సర్ గల నికాన్ జెడ్50 టూ కెమెరాకు ఫోకస్ విషయంలోనూ, చేతిలో కుదిరే పట్టు విషయంలోనూ దక్కుతున్న మెప్పు న్యాయమైనదే. దాని ముందు బిగించే లెన్సుల దగ్గరకు వచ్చేసరికి మాత్రం అంత ఉదారంగా మాట్లాడలేము.

2019లో మొదటి జెడ్50తో పాటు 16–50, 50–250 మి.మీ. జూమ్‌లు వచ్చాయి. కెమెరాతో కలిపి అమ్మే 135 గ్రాముల 16–50 కిట్ లెన్సు పగటి వెలుతురులో చక్కటి స్పష్టతను ఇస్తుంది, కానీ 50 మి.మీ. దగ్గరకు చేరేసరికి దాని అపెర్చర్, అంటే వెలుతురును లోపలికి రానిచ్చే రంధ్రం, ఎఫ్/6.3కు కుంచించుకుపోతుంది (ఎఫ్ పక్కన అంకె పెరిగేకొద్దీ రంధ్రం చిన్నదవుతుంది). తర్వాత వచ్చిన 18–140, 12–28 జూమ్‌లదీ ఇంచుమించు ఇదే తీరు. పెద్ద అపెర్చర్ గల మొదటి డీఎక్స్ ప్రైమ్ (జూమ్ లేని) లెన్సు, 24 మి.మీ. ఎఫ్/1.7, 2023లో గాని రాలేదు.

లోటు ఇంతటితో ఆగితే సర్దుకుపోవచ్చు. జెడ్50, జెడ్ ఎఫ్‌సీ, జెడ్30, జెడ్50 టూలలో దేనిలోనూ సెన్సర్‌ను కదిలించి చేతి వణుకును సరిచేసే ఏర్పాటు లేదు. ఆ పని లెన్సులోని వీఆరే (వణుకు నివారణ ఏర్పాటే) చేయాలి. కిట్ జూమ్‌లలో వీఆర్ ఉంది, వెలుతురు చాలదు, 24 మి.మీ. ప్రైమ్‌లో వెలుతురు ఉంది, వీఆర్ లేదు. అర్ధరాత్రి ముహూర్తానికి జీలకర్ర బెల్లం పెట్టే చేతుల కదలికను వీఆర్ ఎలాగూ ఆపలేదు, అక్కడ కావలసింది పెద్ద అపెర్చరే. గుడి మండపంలో దీపాల వెలుగున శిల్పాన్ని తీసేటప్పుడు మాత్రం వీఆర్ లేని లోటు వెంటనే తెలుస్తుంది. ఈ రెండింటినీ ఒక్కచోట చేర్చిన డీఎక్స్ 16–50 మి.మీ. ఎఫ్/2.8 వీఆర్‌ను నికాన్ 2025లో ప్రకటించింది. 50 మి.మీ. దగ్గర ఇది కిట్ లెన్సు కన్నా సుమారు ఐదు రెట్లు వెలుతురును లోపలికి రానిస్తుంది. ఇది మొదటి ఏడాదే రావలసిన లెన్సు.

టెలిఫోటో వైపు ఖాళీ ఇంకా అలాగే ఉంది. ఫ్యూజీఫిల్మ్ తన ఎక్స్ కెమెరాల కోసం వణుకు నివారణతో కూడిన 50–140 మి.మీ. ఎఫ్/2.8ను 2014లోనే తెచ్చింది. నికాన్ డీఎక్స్‌లో దానికి సాటి లేదు. పెద్ద సెన్సర్ కెమెరాల కోసం చేసిన ఫుల్‌ఫ్రేమ్ లెన్సులలో వెతికితే 70–180 మి.మీ. ఎఫ్/2.8 బరువులోనూ ధరలోనూ కొంత అందుబాటుగా కనబడుతుంది గాని, దానిలో వీఆర్ లేదు. ఫుల్‌ఫ్రేమ్ బాడీలో చాలావరకు ఆ లోటును సెన్సర్ భర్తీ చేస్తుంది. డీఎక్స్ బాడీ మీద 180 మి.మీ. దగ్గర షట్టర్ వేగాన్ని సెకనులో 250వ వంతుకు తగ్గకుండా ఉంచవలసి వస్తుంది, దానితో ఐఎస్‌ఓ (వెలుతురుకు సెన్సర్ స్పందించే స్థాయి) పెరుగుతుంది.

వైడ్ ప్రైమ్, పోర్ట్రెయిట్ ప్రైమ్ కావలసినవారికి సిగ్మా 16, 56 మి.మీ. ఎఫ్/1.4 లెన్సులు ఒక దారి. అవి నిజంగా మంచివి, వీఆర్ వంటిది మాత్రం వాటిలోనూ లేదు.

పాత డీఎస్‌ఎల్‌ఆర్ లెన్సులు ఇంట్లో ఉన్నవారు, వాటిని జెడ్ కెమెరాకు బిగించే ఎఫ్‌టీజెడ్ అడాప్టర్ కొనే ముందు ఒకటి గమనించాలి. ఏఎఫ్-ఎస్ రకం డీఎక్స్ 35 మి.మీ. ఎఫ్/1.8జీ దాని మీద ఆటోఫోకస్‌తోనే పనిచేస్తుంది. మన దగ్గర చాలామంది చేతిలో కనిపించే 50 మి.మీ. ఎఫ్/1.8డీలో ఫోకస్ మోటారు లేదు, అడాప్టర్‌లోనూ లేదు, కనుక రింగును చేత్తో తిప్పుకోవలసిందే.