గుండెపోటు వస్తే అంబులెన్సా, సొంత కారా?

ఛాతీ మీద బండ పెట్టినట్టు నొప్పి, అది చేతికో దవడకో పాకడం, చల్లటి చెమటలు. ఇంట్లో అందరికీ టెన్షన్. అంబులెన్స్ కోసం ఆగాలా, కారు తీయాలా?

సమయం: కారు వాకిట్లోనే ఉంటుంది, అంబులెన్స్ రావాలి. పైకి కారుదే గెలుపు. కానీ చికిత్స ఎప్పుడు మొదలవుతుందో చూస్తే లెక్క మారుతుంది, ఎందుకంటే అన్ని సౌకర్యాలున్న అంబులెన్సులోనే ఈసీజీ తీసి ఆస్పత్రికి ముందే కబురు పెట్టేస్తారు.

రిస్క్: అసలు తేడా ఇక్కడే. దారిలో గుండె ఆగిపోతే మెత్తటి సీటు మీద సీపీఆర్ (ఛాతీని పదే పదే గట్టిగా నొక్కడం) సరిగ్గా కుదరదు, ఛాతీ కనీసం 5 సెంటీమీటర్లు లోపలికి దిగాలి, నిమిషానికి 100-120 సార్లు. అంబులెన్సులో అయితే డీఫిబ్రిలేటర్ అనే యంత్రంతో గుండెకు షాక్ ఇచ్చే వీలుంటుంది. కారులో ఉన్నది హారన్ ఒక్కటే.

శ్రమ: అంబులెన్స్ కోసం చేసిన ఫోన్ స్పీకర్‌లో పెడితే అవతలివాళ్లే ఏం చేయాలో చెబుతారు. ఆస్పిరిన్ పడనివాళ్లు, రక్తస్రావం సమస్య ఉన్నవాళ్లు కాకపోతే 300 మి.గ్రా. నమలమనొచ్చు. కారులో ఆ కంగారంతా మీదే.

ఖర్చు: ఈ పూటకి వదిలేయండి.

అంబులెన్స్ వచ్చే అవకాశం ఉంటే అదే, రెండో ఆలోచన వద్దు. బాగా ఆలస్యమవుతుందని వాళ్లే చెబితేనో, అసలు దొరకకపోతేనో కారు. అప్పుడు కూడా నొప్పి ఉన్న మనిషి స్టీరింగ్ పట్టకూడదు, పక్కన ఇంకొకరు కూర్చోవాలి, ఆస్పత్రికి ముందే ఫోన్ చేయాలి. మధ్యలో స్పృహ తప్పి ఊపిరి సరిగ్గా ఆడకపోతే బండి ఆపి, నేల మీద పడుకోబెట్టి ఛాతీ నొక్కడం మొదలుపెట్టండి.