ఎఫ్ఎస్ఎల్ ఫీట్, ఏళ్ల తరబడి వాడినాక: రన్నులు ఎక్కువుండే డేటాకి ఎట్ట పనికొస్తాది

కావలిలో ఇంటికాడి నుంచే ఎఫ్ఎమ్ఆర్ఐ (మెదడు పని చేసేటప్పుడు తీసే స్కాను) డేటా అనాలిసిస్ చేస్తా ఉండా, స్కానింగు యాడో జరుగుతాది, ఫైళ్లు నా దగ్గరికొస్తాయి. స్కానర్లో మనిషిని గంటసేపు కదలకుండా పండుకోమంటే అయ్యే పని కాదు గదా, అందుకని ఒకే టాస్కుని ఐదారు నిమిషాల ముక్కలు చేస్తారు, ఒక్కో ముక్క ఒక రన్ను. అవన్నీ కలిపి ఆ మనిషికి ఒక్క ఫలితం తీసి, ఆ తర్వాత మనుషులందర్నీ కలపాల. ఈ పనికి నేను వాడేది ఆక్స్‌ఫర్డ్ వాళ్ల ఎఫ్ఎస్ఎల్ అనే సాఫ్ట్‌వేరులో ఉండే ఫీట్ అనే టూలు. రీసెర్చికి ఉచితం, విండోస్‌లో అయితే డబ్ల్యూఎస్ఎల్ (విండోస్ లోపల లినక్స్ నడిపేది) వేసుకోవాల.

ఒంగోల్లో ఎంటెక్ చేసే కుర్రోడొకడు, నాకు తమ్ముడి వరస, "అన్నా, రన్నులన్నీ ఒకదాని వెనక ఒకటి అతికిచ్చేస్తే పోద్ది గదా" అంటాడు. పోదురా అబ్బాయ్. ఒక్కో రన్నుకి బేస్‌లైను వేరు, డ్రిఫ్టు (సిగ్నలు నెమ్మదిగా జారడం) వేరు, అతికిచ్చిన కాడ ఆ డ్రిఫ్టుని తీసేసే హైపాస్ ఫిల్టరు గందరగోళం చేస్తాది. ఎస్‌పీఎమ్ అనే ఇంకో సాఫ్ట్‌వేరు అయితే రన్నుల్ని ఒకే మోడల్లో వేర్వేరు సెషన్లుగా పెట్టుకుంటాది, ఫీట్‌లో మాత్రం మూడు మెట్లు: ముందు ఒక్కో రన్ను, తర్వాత ఒక మనిషి రన్నులన్నీ, ఆఖర్న గ్రూపు.

నాకు నచ్చింది ఆ నడిమి మెట్టే. అక్కడ ఫిక్స్‌డ్ ఎఫెక్ట్స్ (రన్నుల మధ్య తేడాని లెక్కలోకి తీసుకోని పద్ధతి) పెట్టాల, ఫ్లేమ్ (ఆ తేడాని కూడా అంచనా వేసే పద్ధతి) కాదు, ఎందుకంటే మూడు నాలుగు రన్నులతో రన్నుకీ రన్నుకీ మధ్య తేడా ఎంతనేది లెక్క తేలదు. కింది మెట్టులో వచ్చిన వేరియెన్స్‌ని బట్టి వెయిట్ ఇచ్చి సగటు తీస్తాది, అంటే మనిషి బాగా కదిలి నాయిస్ ఎక్కువైన రన్ను మాట తక్కువ చెల్లుతాది. ఫ్లేమ్ మూడో మెట్టులో, మనుషుల మధ్య తేడా కోసం. 2016లో ఎక్లండ్, నికల్స్, నట్సన్ పేపరొచ్చి క్లస్టర్ (పక్కపక్కనే వెలిగిన చోట్ల గుంపు) లెక్కల్లో తప్పుడు ఫలితాలు ఎక్కువని పెద్ద రచ్చయింది గదా, అందులో ఫ్లేమ్1 మిగతావాటికంటే మేలుగానే నిలబడింది, క్లస్టర్లు ఏరడానికి పెట్టే పాత జెడ్ 2.3 త్రెషోల్డు మాత్రం వదిలేసుకోవాల్సొచ్చింది, ఇప్పుడు డిఫాల్టే 3.1.

రెండో మెట్టు అయిపోగానే జెడ్‌స్టాట్ (ఫలితం ఎంత గట్టిదో చూపే) బొమ్మల మీదికి ఎగబడొద్దు, రిపోర్టులో రిజిస్ట్రేషన్ (మెదడు బొమ్మల్ని ఒకదానితో ఒకటి సరిపెట్టడం) పేజీ తెరవండి. మాస్కులన్నీ (ఒక్కో రన్నులో మెదడు డేటా ఉన్న చోట్లు) కూడిన బొమ్మ ఒకటుంటాది, ఏ రన్నులో ఏ వోక్సెల్స్ (బొమ్మలోని 3డీ చుక్కలు) లేకుండా పోయినాయో చూపించే బొమ్మ ఇంకొకటుంటాది. ఒక చోట నుంచి వచ్చిన డేటాలో ఒక్క రన్నుకి నడినెత్తి దగ్గర స్లైసులు కోసుకుపోయినాయి, ఫీట్ అన్ని మాస్కులకీ ఉమ్మడిగా ఉండేదే తీసుకుంటాది కాబట్టి ఆ ఒక్క రన్ను వల్ల గ్రూపు మొత్తానికీ నెత్తి లేకుండా పోయేది. ఆ పేజీ లేకపోతే నడినెత్తి కింద ఉండే మోటార్ కార్టెక్స్‌లో (కదలికల భాగం) ఏమీ రాలేదని రాసి పంపేసేవాళ్లం.

ఇంక తిట్టాల్సినవి. పేర్లు బో చికాకు. మనిషి జీఫీట్ ఫోల్డర్లో (రెండో మెట్టు ఫలితాలు పడేది) కోప్3 (కోప్ అంటే ఒక కాంట్రాస్టు, అంటే పోలిక, ఫలితం) తెరిస్తే లోపల స్టాట్స్‌లో ఉండేది మళ్లా కోప్1, బయటి నంబరు మొదటి మెట్టు కాంట్రాస్టుది, లోపలిది రెండో మెట్టుది, కొత్తోళ్లు ఇక్కడే తికమక పడతారు. తప్పు జవాబులకి ఒక ఈవీ (మోడల్లో ఒక్కో రకం సంఘటనకి పెట్టే అంశం) పెట్టుకుంటాం, ఒక రన్నులో మనిషి తప్పే చెయ్యకపోతే ఆ ఈవీని ఎంప్టీ అని పెట్టాల, ఆ కాంట్రాస్టుకి ఆ రన్నుని పక్కనబెట్టి విడిగా నడపాల, తెలివైనోళ్లు దొరికితే మనకి పని డబల్. మధ్యాన్నం కరెంటు పొయ్యి ఇన్వర్టరు కూడా చేతులెత్తేస్తే ఫీట్ అనాలిసిస్ సగంలో ఆగుతాది, మళ్లీ నడిపితే పాతదాన్ని చెరపకుండా పేరు చివర ప్లస్ గుర్తు తగిలించి కొత్త ఫోల్డరు పెడతాది. పై మెట్టుకి రాసుకున్న స్క్రిప్టు రెండింటినీ ఏరుకొస్తే అదొక గోల, కాబట్టి ముందు సగం ఫోల్డరు తీసెయ్యండి.

మౌసుతో క్లిక్కులు కొడతా కూర్చుంటే తెల్లారిపోతాది. ఒక మనిషికి జీయూఐలో (మౌసుతో నడిపే కిటికీలో) చేసి, ఆ సెట్టింగులుండే డిజైన్ ఎఫ్ఎస్ఎఫ్ ఫైలు మామూలు టెక్స్టే కాబట్టి సబ్జెక్టు నంబరు, రన్ను నంబరు సెడ్ అనే టెక్స్టు మార్చే కమాండుతో మార్చుకుంటా పొయ్యేదే, వాల్యూములు (తీసిన మెదడు బొమ్మల లెక్క) రన్ను రన్నుకీ తేడా ఉంటే ఆ లైను కూడా మార్చాల.

మూడో మెట్టుకి మాత్రం ఈ మధ్య రాండమైజ్ అనే (డేటాని అటూఇటూ మార్చి మార్చి లెక్క తేల్చే) ఎఫ్ఎస్ఎల్ టూలుకి మారినా. రెండో మెట్టు కోప్ ఫైళ్లు ఎఫ్ఎస్ఎల్‌మెర్జ్‌తో ఒకటి చేసి ఇచ్చి, 5000 పర్మ్యుటేషన్లు పెట్టి అన్నానికి లేస్తా.