పది నెలల ఎలక్ట్రిక్ ట్రాలీ ఆటో, ఇంకా రాని హైడ్రోజన్ లారీ

మిర్యాలగూడలో మాకు చిన్న బియ్యం దుకాణం ఉంది. మిల్లు నుంచి బస్తాలు తెచ్చుకోవడానికి, వేములపల్లి, త్రిపురారం, దామరచర్ల వైపు కిరాణా దుకాణాలకు చేరవేయడానికి వాడుతున్న డీజిల్ ట్రాలీ ఆటోను 2025 మే నెలలో అమ్మివేసి, దాని స్థానంలో ఎలక్ట్రిక్ ట్రాలీ ఆటో తీసుకున్నాను. పది నెలలు నడిపిన తర్వాత ఈ బండిపై నా అభిప్రాయం రాస్తున్నాను. దీనిని కొనడానికి ప్రభుత్వ ప్రోత్సాహం కూడా ఒక కారణం కాబట్టి, ఆ ప్రోత్సాహం ఎలా పనిచేసిందో, హైడ్రోజన్ బండ్ల విషయంలో అదే ఎందుకు సరిపోదో కూడా చెప్పవలసి ఉంది.

ముందుగా బండి సంగతి. పాతిక కిలోల బస్తాలు ఇరవై వేసినా సాగర్ ఎడమ కాలువ కట్టను ఇబ్బంది లేకుండా ఎక్కుతుంది. గేర్లు మార్చే పని లేకపోవడం, ఇంజను అదురు లేకపోవడం వల్ల సాయంత్రానికి డ్రైవరుకు నడుము నొప్పి ఉండడం లేదు. నిండు లోడుతో మాకు ఒక చార్జింగుకు 80 కిలోమీటర్ల వరకు వస్తోంది. ఇది కంపెనీ కాగితంపై ఉన్న దూరం కంటే తక్కువే గాని, మా రోజువారీ తిరుగుడుకు చాలు. అసలు లోపం మరమ్మతుల దగ్గర ఉంది. ఒకసారి మోటారుకు కరెంటును అదుపుచేసి పంపే కంట్రోలరు పాడైతే, విడిభాగం హైదరాబాదు నుంచి రావాలని చెప్పి నేను కొన్న షోరూమువారు బండిని ఐదు రోజులు నిలిపివేశారు. ఆ ఐదు రోజులూ కిరాయి ఆటోలకు డబ్బు పోసి సరుకు పంపవలసి వచ్చింది. డీజిల్ బండి అయితే మా వీధి చివరి మెకానిక్ పూటలో సరిచేసేవాడు. ఈ ఒక్క కారణంగా ఐదుకు నాలుగు మార్కులే ఇస్తున్నాను.

ప్రోత్సాహం మాత్రం కొనేవాడి చేతికి నేరుగా అందింది. కేంద్రం 2024 అక్టోబరులో మొదలుపెట్టిన పీఎం ఈ-డ్రైవ్ పథకం కింద ఇలాంటి మూడు చక్రాల బండ్లకు బ్యాటరీ సామర్థ్యంలో ప్రతి యూనిట్‌కు మొదట 5,000 రూపాయల రాయితీ ఉండగా, నేను కొనేనాటికి అది 2,500కు తగ్గింది. ఆధార్‌తో వోచరు తీసుకోవడం, సంతకం చేసి ఇవ్వడం షోరూములోనే ముగిసింది. రాయితీ పోగా మిగిలినదే నేను కట్టాను. తెలంగాణ ప్రభుత్వం 2024 నవంబరులో ఇచ్చిన 41వ నంబరు జీవో ప్రకారం 2026 డిసెంబరు 31 వరకు ఈ బండ్లకు రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ రుసుము పూర్తిగా మినహాయింపు. ఇవి రెండూ ఎంత మేలు చేసినా, నా మనసు మార్చింది మూడోది: దుకాణం గోడకు ఉన్న ప్లగ్గు. రాత్రి షట్టరు దించేటప్పుడు పెడితే తెల్లవారేసరికి బండి సిద్ధం. ఇంధనం కోసం ఎవరి బంకు మీదా ఆధారపడవలసిన అవసరం లేదు.

హైడ్రోజన్‌కు లేనిది సరిగ్గా ఇదే. మా బావమరిది పన్నెండు చక్రాల లారీ మీద ఇరవై టన్నులకు పైగా బియ్యం వేసుకుని కాకినాడ రేవుకు వెళ్తాడు. అంత బరువుకు, అంత దూరానికి బ్యాటరీ పెడితే అదే కొన్ని టన్నులు తూగుతుంది, చార్జింగుకు గంటల తరబడి ఆగాలి. హైడ్రోజన్ లారీలో ఉండే ఫ్యూయల్ సెల్ అనే పరికరంలో హైడ్రోజన్ గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి కరెంటును, నీటిని ఇస్తుంది; ఆ కరెంటుతోనే మోటారు తిరుగుతుంది. ట్యాంకు నిమిషాల్లో నిండుతుంది. కనుక హైడ్రోజన్ ఎక్కడైనా పనికొస్తే ఇలాంటి లారీకే పనికొస్తుంది. ఈ మాట చెబితే అతను ఒక్కటే అన్నాడు: "బంకు ఏడుందో చూపియ్యి బావా, బండి ముచ్చట తర్వాత మాట్లాడుకుందాం."

అతని ప్రశ్నకు మన విధానంలో ఇంకా జవాబు లేదు. 2023 జనవరిలో కేంద్ర మంత్రివర్గం 19,744 కోట్ల రూపాయలతో జాతీయ గ్రీన్ హైడ్రోజన్ మిషన్‌ను (సౌర, పవన విద్యుత్తు వంటి వాటితో తీసే హైడ్రోజన్‌ను పెంచే పథకం) ఆమోదించింది. అందులో రవాణా ప్రయోగాలకు 2025-26 వరకు కేటాయించినది 496 కోట్లు. 2025 మార్చిలో మంజూరైనవి దేశం మొత్తానికి 37 బస్సులు, లారీలు, 9 బంకులు. ఆ 37లో ఫ్యూయల్ సెల్ బండ్లు 15 మాత్రమే, మిగిలిన 22 హైడ్రోజన్‌ను ఇంజనులోనే మండించేవి. ఎంచుకున్న పది మార్గాల్లో తెలుగువారికి దక్కినది విశాఖపట్నం–బయ్యవరం ఒక్కటే, తెలంగాణలో ఒక్క మార్గమూ లేదు. బండితో పాటు బంకుకూ డబ్బు పెట్టడం సరైన పద్ధతేనని నేను ఒప్పుకుంటాను. కాలిఫోర్నియాలో టయోటా మిరాయ్ అనే హైడ్రోజన్ కారు కొన్నవారికి 15,000 డాలర్ల ఇంధనం ఉచితంగా ఇచ్చారు. అయినా 2024 ఫిబ్రవరిలో షెల్ సంస్థ అక్కడ కార్ల కోసం నడిపిన హైడ్రోజన్ బంకులను మూసివేసేసరికి వాటిపై ఆధారపడినవారు దారి వెతుక్కోవలసి వచ్చింది.

ఖర్చు లెక్క కూడా దాచకుండా చెప్పాలి. నీటిని విడగొట్టి కిలో హైడ్రోజన్ తీయడానికి 50 యూనిట్లకు పైగా కరెంటు పడుతుంది. ఆ కిలోలో ఉండే శక్తి 33 యూనిట్లు. ఫ్యూయల్ సెల్ దాటి మోటారుకు చేరేది అందులో సగం అటూఇటూ. అదే కరెంటును బ్యాటరీలో పెడితే చాలా భాగం చక్రాలకు చేరుతుంది. అందువల్ల నా ట్రాలీ ఆటో వంటి చిన్న బండ్లకు హైడ్రోజన్ రాయితీ ఇవ్వడం ప్రజాధనం వృథా చేయడమేనని నా గట్టి అభిప్రాయం. మర్రిగూడ, మునుగోడు ఫ్లోరైడ్ కష్టం చూసిన జిల్లా మాది, నీటి లెక్క అడగకుండా ఉండలేము: కిలో హైడ్రోజన్‌కు తొమ్మిది లీటర్ల శుద్ధమైన నీరు కావాలి, శుద్ధి చేసేటప్పుడు పోయే నీరు దానికి అదనం. ప్లాంటు ఎక్కడ పెట్టినా ఆ నీరు ఎక్కడిదో ముందే ప్రకటించాలి.

రాష్ట్రానికి నా వినతి ఒకటే. బియ్యం, సిమెంటు లారీలు పగలూ రాత్రీ తిరిగే అద్దంకి–నార్కట్‌పల్లి రహదారి మీద, మిర్యాలగూడ దగ్గర ఒక హైడ్రోజన్ బంకు, దానికి కట్టుబడి నడిచే పదిపదిహేను లారీలు, డీజిల్‌తో ఉన్న ధర తేడాను కొన్నేళ్లపాటు భరిస్తామనే రాతపూర్వక హామీ, ఈ మూడింటినీ కలిపి ఒకే ప్రతిపాదనగా కేంద్ర హైడ్రోజన్ మిషన్ తదుపరి విడతకు పంపాలి. ఆ హామీ లేకుండా రోడ్డు పన్ను ఎంత మాఫీ చేసినా లారీ యజమాని అప్పు చేసి హైడ్రోజన్ బండి కొనడు.

జీవో గడువు ముగిసేలోపు మా దుకాణానికి రెండో ఎలక్ట్రిక్ ట్రాలీ ఆటో తీసుకుంటున్నాను. ఈసారి విడిభాగాలు నల్లగొండలోనే నిల్వ ఉంచే షోరూము చూసుకుంటాను. మా బావమరిది ఈ నెల కొత్త లారీకి బయానా ఇచ్చాడు, అది డీజిల్‌దే.