పాత డంగుసున్నం మడిగె: బాగుచేయించాలా, కూల్చి కట్టాలా?

పాలమూరు క్లాక్ టవర్, నల్లగొండ క్లాక్ టవర్ చుట్టుపక్కల పాత బజార్లలో డంగుసున్నంతో (గానుగలో నూరిన సున్నంతో) కట్టిన తాతలనాటి మడిగె (దుకాణపు గది) ఉన్నవాళ్లకు ఈ టెన్షన్ తప్పదు.

ఖర్చు: రిపేరుకైతే విడతలుగా పెట్టుకోవచ్చు. కొత్తదానికి ఒకేసారి పెద్ద మొత్తం కావాలి, కాకపోతే పై అంతస్తుల కిరాయి వస్తుంది.

శ్రమ: కూల్చడం జేసీబీకి ఎంతసేపు! డంగుసున్నం తెలిసిన మేస్త్రీని వెతకడమే కష్టం. దొరకలేదని సిమెంటు పూత వేయిస్తే అసలుకే మోసం. సున్నపు గోడ లోపలి తేమను బయటికి వదులుతుంది, సిమెంటు దాన్ని లోపలే పట్టి ఉంచుతుంది. కొన్నాళ్లకు గోడ ఉబ్బి పెచ్చులూడుతుంది.

రిస్క్: పాతదానికి దూలాల్లో చెదలు. కొత్తదానికి పర్మిషన్: మాస్టర్ ప్లాన్‌లో రోడ్డు విస్తరణ ఉంటే ఆ మేరకు జాగా వదలాలి. చిన్న మడిగెకు అదే పెద్ద దెబ్బ. చాలామంది ఈ సంగతి కూల్చాకే చూస్తారు! 2017 తెలంగాణ వారసత్వ చట్టం కింద రక్షిత కట్టడమైతే అనుమతి లేకుండా చెయ్యి వేయొద్దు.

గోడలు నిలువుగా ఉండి, కింద ఒక్క దుకాణం చాలనుకుంటే రిపేరే నయం. పునాది కుంగి గోడ వాలితే, అన్నదమ్ములకు తలా ఓ అంతస్తు కావాలంటే కొత్తదే. టేకు దర్వాజాలు మాత్రం తుక్కు కింద అమ్మకండి, కొత్తింట్లో పెట్టించండి.